గుంటూరు మేత్రాసనం విచారణలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తాతగారు ఉపదేశి, అంటే గురువు లేనప్పుడు ఊరి గుడిలో ప్రార్థన నడిపి, జపాలు నేర్పే మనిషి. ఫిరంగిపురానికి కాస్త దూరంలో ఉన్న మా ఊళ్ళో గుడి తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడేది. ఊరు వదిలి హైదరాబాదులోనో అమెరికాలోనో పెరిగిన మా పిల్లలూ, పక్కింటి హిందూ స్నేహితులూ, ఇతర క్రైస్తవ సంఘాల వాళ్ళూ మమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నల్ని ఇక్కడ పోగుచేశాను. పాత గుంటూరు జిల్లా కథోలిక ఊళ్ళ గురించే ఎక్కువగా ఉంటుంది. నాకు తెలిసిన నేల అదే.

విచారణ అంటే ఏమిటి? ఆ మాట ఎందుకు వాడతారు?

ఒక గురువు (ఫాదర్) బాధ్యతలో ఉండే గుడి, దాని చుట్టూ ఉన్న ఊళ్ళు, అక్కడి విశ్వాసులు అందరూ కలిసి ఒక విచారణ. ఆ గురువుని విచారణ గురువులు అంటాం. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం, దానికి పెద్ద మేత్రానులు (బిషప్). పెద్ద విచారణకి అనుబంధంగా చిన్న ఊళ్ళలో చిన్న గుళ్ళు ఉంటాయి. అక్కడ ప్రతి ఆదివారం పూజ (మాస్) జరగకపోవచ్చు. అలాంటప్పుడు ఉపదేశి ప్రార్థన నడిపిస్తారు.

ఇప్పుడు విచారణ అనగానే కోర్టో పోలీసు స్టేషనో గుర్తొస్తుంది. కానీ ఆ మాటకి మంచీ చెడూ కనుక్కోవడం, బాగోగులు చూడటం అనే అర్థం కూడా ఉంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని విచారించటం అంటాం కదా, అదే. ఎవరింట్లో జబ్బు చేసింది, ఎవరు ఆదివారం గుడికి రాలేదు, ఎవరి ఆడపిల్ల పెళ్ళి ఆగిపోయింది అని కనుక్కునే పనికి పెట్టిన పేరు ఇది. ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. కింద రాసినవన్నీ చదివేటప్పుడు ఈ మాటని గుర్తుంచుకోండి.

గుంటూరు మేత్రాసనం ఎప్పుడు ఏర్పడింది?

1940లో, నెల్లూరు మేత్రాసనం నుంచి విడిపోయి. అంతకుముందు, 1928 దాకా, ఈ ఊళ్ళన్నీ మద్రాసు అగ్రపీఠం (ఆర్చ్‌డయోసిస్) కింద ఉండేవి. గుంటూరు మొదటి మేత్రానులు పోతకమూరి థామస్ గారు. రెండేళ్ళకే, 1942లో, ఆయన బెంగళూరు పీఠానికి వెళ్ళారు. 1943లో వచ్చిన ముమ్మడి ఇగ్నేషియస్ గారు మూడు దశాబ్దాల పాటు మేత్రాసనాన్ని నడిపారు. మా అమ్మానాన్నల తరం వాళ్ళకి మేత్రానులు అంటే ఆయన ముఖమే.

ఈ ఊళ్ళకి కథోలిక విశ్వాసం ఎలా వచ్చింది? ఇంగ్లీషు వాళ్ళు తెచ్చారా?

కాదు. ఇంగ్లీషు వాళ్ళ పాలన ఈ ప్రాంతానికి రాకముందే వచ్చింది, అదీ సముద్రం వైపు నుంచి కాకుండా రాయలసీమ వైపు నుంచి. 18వ శతాబ్దం మొదట్లో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి యేసు సభ (జెస్యూట్) గురువులు ఉత్తరంగా నడుచుకుంటూ వచ్చి పుంగనూరు పరిసరాల్లో, తర్వాత అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం, మద్దిగుబ్బ లాంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. కర్ణాటక మిషన్ అంటే ఇదే. ఆ చుట్టుపక్కల కొన్ని రెడ్డి కుటుంబాలు, నేత కుటుంబాలు, మరికొన్ని కులాల వాళ్ళు జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్నారు.

ఆ తర్వాత సీమలో కరువులు, సేనల రాకపోకలు. బతుకుదెరువు వెతుక్కుంటూ కథోలిక రెడ్డి కుటుంబాలు కొన్ని బళ్ళు కట్టుకుని తూర్పుకి, కృష్ణా తీరం వైపుకి కదిలాయి. ఓలేరు, ముట్లూరు, పాటిబండ్ల, ఫిరంగిపురం, తుబాడు, రెంటచింతల... ఈ ఊళ్ళలో వాళ్ళు పొలం చేసుకున్నారు, గుడిసె వేసుకున్నారు, గుడి కట్టుకున్నారు. విశ్వాసం తెచ్చింది గురువులే అయినా, దాన్ని గుంటూరు సీమకి మోసుకొచ్చింది ఎడ్లబండి మీద వచ్చిన ఈ రైతు కుటుంబాలు. మా చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. గురువులు తర్వాత వచ్చి చూసేసరికి ఇక్కడ జపమాల చెప్పుకునే ఇళ్ళు ముందే ఉన్నాయి.

ఆ గురువులు కాషాయం కట్టేవారట, నిజమేనా?

నిజమే. 17వ శతాబ్దంలో మదురైలో ఇటలీ గురువు నోబిలి వేసిన బాటనే ఫ్రెంచి యేసు సభ వాళ్ళు ఇక్కడా పట్టారు. సన్యాసుల్లా కాషాయం కట్టి, మాంసం మానేసి, తెలుగూ సంస్కృతమూ నేర్చుకుని మాట్లాడారు. జనం వాళ్ళని రోమాపురి సన్యాసులుగా చూశారు. పరాయి దేశపు వేషంలో వస్తే ఎవరూ దగ్గరకి రానివ్వరని వాళ్ళకి తెలుసు. అయితే ఈ పద్ధతి మీద రోములో దశాబ్దాల పాటు పెద్ద వాదమే నడిచింది. స్థానిక ఆచారాల్ని ఎంతవరకు అనుమతించాలన్న ఆ గొడవని 1744లో 14వ బెనెడిక్టు పోపు కఠినమైన శాసనంతో ముగించారు.

ఆ గురువుల్లో గాస్తాన్ కెర్దూ అనే ఆయన్ని తెలుగువాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఏళ్ళ తరబడి తెలుగునేల మీద పనిచేసి, తెలుగు నిఘంటువు కూర్చి, 1767లో పారిస్ పండితులకి రాసిన లేఖలో సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న చుట్టరికాన్ని చూపించాడు. విలియం జోన్స్ అదే మాట కలకత్తాలో చెప్పింది 1786లో. భాషాశాస్త్రం పుస్తకాల్లో జోన్స్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కెర్దూ పేరు ఎక్కడో మూల. మన ఊళ్ళలో తెలుగు నేర్చుకున్న మనిషి ఆయన. మన బడుల్లో కనీసం ఒక్కసారి ఆ పేరు వినిపించాలని నా కోరిక.

మధ్యలో గురువులు లేని కాలం ఒకటి ఉందంటారు. అప్పుడు ఏం జరిగింది?

1773లో పోపు 14వ క్లెమెంటు యేసు సభను రద్దు చేశారు. 1776లో వాళ్ళ పని పారిస్ విదేశీ మిషన్ సంఘానికి అప్పగించారు గానీ, ఇంత పెద్ద ప్రాంతానికి గురువులు చాలా కొద్దిమందే. గురువు కనిపించటమే అరుదైన కాలం అది.

అప్పుడు గుడిని నిలబెట్టింది ఉపదేశులు. సాయంత్రం గంట కొట్టి జనాన్ని పోగేయటం, పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం పిల్లల చేత వల్లె వేయించటం, చావు బతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థించటం, పుట్టిన బిడ్డ బతికేలా లేకపోతే తామే జ్ఞానస్నానం ఇవ్వటం. ప్రమాదంలో ఉన్నవాళ్ళకి ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని శ్రీసభ (కథోలిక చర్చి) నియమం. ఈ పనికి జీతం అంటూ చెప్పుకోదగ్గది ఏనాడూ లేదు. మా తాతగారి రోజుల్లో కూడా పంట నూర్పిళ్ళప్పుడు ఎవరి కళ్ళంలో వాళ్ళు ఇచ్చే గింజలే. వానొచ్చినా వరదొచ్చినా సాయంత్రం గంట మాత్రం తప్పేది కాదు. మన వారసత్వం ఎక్కడుందని ఎవరైనా అడిగితే గోపురం చూపించే ముందు ఉపదేశి ఇల్లు చూపించండి.

ఫిరంగిపురం గుడి ప్రత్యేకత ఏమిటి?

19వ శతాబ్దం చివరి భాగంలో ఇంగ్లండుకి చెందిన మిల్‌హిల్ సభ గురువులు ఈ ప్రాంతానికి వచ్చారు. వాళ్ళలో థియోడర్ డీక్‌మన్ గారి హయాంలో కట్టిందే ఫిరంగిపురం బాలయేసు దేవాలయం. కొండవీటి కొండల నీడలో ఉన్న ఊరికి అంత గుడి ఎలా వచ్చిందా అని ఇప్పటికీ కొత్తగా వచ్చినవాళ్ళు ఆగి చూస్తారు. పక్కనే కొండ మీద కార్మెల్ మాత గుడి. జూలై 16న కార్మెల్ మాత పండుగ. ఆ పండుగ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. తొలకరి పడి పొలం పనులు మొదలయ్యే వేళ కదా, రైతులు వానల కోసం మొక్కుకుంటూ మెట్లెక్కుతారు. మా అమ్మమ్మ చెప్పులు కిందే వదిలేసి ఎక్కేది. కొవ్వొత్తి కొండ కిందే వెలిగించి, అరచెయ్యి అడ్డం పెట్టి, ఆరిపోకుండా పైదాకా తీసుకెళ్ళటం ఆమె మొక్కు.

మన పేర్లు ఎందుకు వేరుగా ఉంటాయి? రాయప్ప, చిన్నప్ప, శౌరి... ఇవి ఎక్కడివి?

ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు చెప్పటానికి ఇష్టమైనదీ ఇదే.

ఇవన్నీ పునీతుల (సెయింట్ల) పేర్లే, మన నాలుక మీద తిరిగి వేరే రూపం తెచ్చుకున్నాయి. చాలా పేర్లు తమిళ కథోలికుల ద్వారా వచ్చాయి. పేతురు అంటే రాయి అని అర్థం కాబట్టి రాయప్ప. పౌలు అనే లాటిన్ మాటకి చిన్నవాడు అని అర్థం, అందుకని చిన్నప్ప. ఫ్రాన్సిస్ జేవియర్ తమిళంలో సవేరి, సవరి అయి, మన దగ్గర శౌరి, శౌరయ్య, బాలశౌరి అయ్యాడు. ఇగ్నేషియస్ తమిళంలో ఇన్నాసి, మన దగ్గర ఇన్నయ్య. జోసెఫు జోజి, జోజప్ప. యోహాను అరుళప్ప, అంటే కృప గల అప్ప. ఆడవాళ్ళకి మరియమ్మ, అన్నమ్మ, జ్ఞానమ్మ, ఆరోగ్యమ్మ, లూర్దమ్మ, ఫాతిమా.

తర్వాత వీటికి ఇంటి మర్యాద కలిసింది. రాయపరెడ్డి, చిన్నపరెడ్డి, ఇన్నారెడ్డి, జోజిరెడ్డి, మర్రెడ్డి. మర్రెడ్డి అంటే మర్రిచెట్టు రెడ్డి అనుకునేవాళ్ళు ఉన్నారు, అందులో ఉన్నది మరియ. ఒక పేరులో రోము, తమిళనాడు, గుంటూరు మూడూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. ఇప్పటి పిల్లలకి ఇంట్లో పిలవటానికి ఒకటి, బడికి ఒకటి, జ్ఞానస్నానానికి ఒకటి అని మూడు పేర్లు పెడుతున్నారు. జ్ఞానస్నానపు పేరు రిజిస్టరులోనే ఉండిపోతోంది. చిన్నప్ప అని మనవణ్ణి పిలవటానికి సిగ్గుపడకండి. మూడు వందల ఏళ్ళు నడిచి వచ్చిన పేరది.

పాత జపాల్లో తెలుగు ఎందుకంత కష్టంగా ఉంటుంది?

పూజ లాటిన్‌లోనే జరిగిన కాలం చాలా పొడుగు. రెండవ వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 వరకు జరిగింది. ఆ తర్వాతే పూజ తెలుగులోకి వచ్చింది. అప్పటిదాకా గురువు బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేస్తుంటే, జనం తమ బెంచీల దగ్గర, ఎక్కువసార్లు నేల మీదే, తెలుగులో జపమాల చెప్పుకునేవారు. అందువల్ల ఇంటి జపాల్లోనే తెలుగు నిలిచింది, అదీ పాతకాలపు తెలుగు. దేవవరప్రసాదము (దేవుడి కృప), దివ్యసత్ప్రసాదము (పూజలో ఇచ్చే ప్రభువు అప్పం), పాపసంకీర్తనము, జ్ఞానస్నానము లాంటి మాటలు ఆ గ్రాంథిక వాతావరణంలో పుట్టినవే. పాపసంకీర్తనము అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవటం. సంకీర్తన అన్న మాట అక్కడ ఎలా కుదిరిందో ఆలోచించిన కొద్దీ ముచ్చటేస్తుంది.

చదువు రాని ముసలమ్మలు లోతైన సంస్కృత పదాలతో నిండిన జపాన్ని ఒక్క అక్షరం తప్పకుండా చెప్పటం నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అర్థం చెప్పమంటే వాళ్ళు చెప్పలేకపోవచ్చు. కానీ ఎప్పుడు ఏ జపం పట్టాలో వాళ్ళకి తెలిసినంతగా నాకు తెలియదు. ఇంట్లో అలాంటి అమ్మమ్మ ఉంటే ఆమె గొంతు ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి, ఈ ఆదివారమే.

మీకూ ఇతర క్రైస్తవ సంఘాలకూ తేడా ఏమిటి?

గుంటూరులో ఈ ప్రశ్న సహజం. 1842లో అమెరికా నుంచి మిషనరీ హేయర్ గారు వచ్చి లూథరన్ సంఘం మొదలుపెట్టింది ఇక్కడే, బాప్టిస్టు సంఘాలూ బలంగా ఉన్నాయి. క్రీస్తు మీద విశ్వాసం అందరిదీ ఒకటే. మేము రోములోని జగద్గురువులతో (పోపుతో) ఐక్యంగా ఉంటాం, జ్ఞానస్నానం, వివాహం లాంటి ఏడు దివ్యసంస్కారాల్ని పాటిస్తాం, మరియమాతనీ పునీతుల్నీ మా కోసం వేడుకోమని అడుగుతాం. వాళ్ళకి చేసేది గౌరవం, ఆరాధన దేవుడికే. మా బైబిల్లో 73 పుస్తకాలు ఉంటాయి, ఇతరుల దాంట్లో 66. ఒకే ఇంట్లో అక్క కథోలిక గుడికి, చెల్లెలు లూథరన్ గుడికి వెళ్ళటం మా వైపు కొత్త కాదు.

ఏడాది పొడవునా జరిగే పండుగలు ఏమిటి?

విభూది బుధవారంతో మొదలుపెడతాను, మా ఊళ్ళలో ఏడాది నిజంగా మలుపు తిరిగేది అక్కడే. కిందటేడు మ్రానికొమ్మల ఆదివారం (పామ్ సండే) నాటి ఆకుల్ని కాల్చిన బూడిదతో గురువు నుదుట సిలువ గుర్తు వేస్తారు. ఆ నలభై రోజులూ తపస్సు కాలం. పెళ్ళిళ్ళు పెట్టుకోరు. శుక్రవారాలు సిలువ మార్గం. యేసు పాటుల్ని తలుచుకుంటూ 14 స్థలాల దగ్గర ఆగి మోకరించటం. కొన్ని ఊళ్ళలో గుడి లోపల కాకుండా వీధుల్లోనే నడుస్తారు.

మ్రానికొమ్మల ఆదివారం నాడు పిల్లలు కొబ్బరాకుతో, ఈతాకుతో సిలువలు అల్లుతారు. అవి ఏడాదంతా గుమ్మం పైనే ఉంటాయి. పవిత్ర గురువారం గురువు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఆ రోజు నుంచి గంటలు మోగవు, బదులుగా చెక్కతో చప్పుడు చేస్తారు. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే ఊళ్ళో నిజంగానే ఎవరో పోయినట్టుండేది. శనివారం రాత్రి పాస్కా (ఈస్టరు) జాగరణలో చీకట్లో కొత్త నిప్పు వెలిగించి, ఒక్క వత్తి నుంచి గుడి అంతా వెలుగు పాకాక, ఆ పూజలోనే గంటలు మళ్ళీ మోగుతాయి. క్రిస్మసు కన్నా మాకు పెద్ద పండుగ అదే. బయటివాళ్ళకి మాత్రం క్రిస్మసు నక్షత్రాలే కనిపిస్తాయి. పశువుల పాక కట్టటంలో మా కుర్రాళ్ళ పోటీ ఎలా ఉంటుందంటే, డిసెంబరు మొదటి వారం నుంచి వరిగడ్డి దొంగతనాలు మొదలవుతాయి, రైతులూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

ఇవి కాక ప్రతి ఊరి గుడికీ పాలక పునీతులు ఉంటారు, ఆ పండుగే ఊరి పండుగ. ముందు తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, తర్వాత తేరు. పునీతుల స్వరూపాన్ని (విగ్రహాన్ని) పూలతో, దీపాలతో అలంకరించిన తేరు మీద పెట్టి ఊరంతా తిప్పుతారు. తేరు ఏ వీధిలోకి వస్తే ఆ వీధి వాళ్ళు, ఏ మతమైనా, గుమ్మంలో నీళ్ళు చల్లి ముగ్గేసి కొవ్వొత్తులతో నిలబడతారు. వలస వెళ్ళినవాళ్ళు క్రిస్మసుకి రాకపోయినా తేరుకి వస్తారు.

గుణదల, పెద్దవుటపల్లి మీ మేత్రాసనంలోనివేనా?

కాదు, రెండూ విజయవాడ మేత్రాసనంలోవి. కానీ మా వాళ్ళు వెళ్ళకుండా ఉండరు. గుణదల కొండ మీద 1924లో ఆర్లాటి గురువు లూర్దుమాత స్వరూపాన్ని పెట్టించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో లక్షల మంది వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఇది మన ఆచారమా అని నొసలు చిట్లించేవాళ్ళకి నా జవాబు ఒకటే: భక్తిని మనిషి తనకి తెలిసిన చేతులతోనే చూపిస్తాడు.

పెద్దవుటపల్లిలో బ్రదర్ జోసెఫ్ తంబి గారి సమాధి ఉంది. 1945 జనవరి 15న ఆయన కన్నుమూశారు. పేదవాళ్ళ మధ్య పేదగా తిరిగిన మనిషి. సంక్రాంతి రోజుల్లోనే ఆయన స్మారకం వస్తుంది కాబట్టి, పండక్కి ఊరొచ్చిన వాళ్ళు కుటుంబాలతో అక్కడికి వెళ్ళొస్తారు.

సమాధుల పండుగ అంటే?

నవంబరు 2. ముందు రోజే సమాధుల తోటలో కలుపు తీసి, సున్నం వేసి, ఆ సాయంత్రం బంతిపూలు చల్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. గురువు ఒక్కో వరుసా నడుచుకుంటూ మంత్రించిన నీళ్ళు చల్లుతారు. పిల్లలకి ఎవరు ఎవరో చెప్పేది ఆ రోజే: ఇది మీ ముత్తాత, ఇది పుట్టిన మూడో రోజే పోయిన మీ మేనత్త. వంశవృక్షం కాగితం మీద కాకుండా కాళ్ళ కింద కనిపిస్తుంది. నేను ఏడాదికి ఒక్క సెలవే పెట్టగలిగితే ఆ రోజే పెడతాను.

బడులు, ఆసుపత్రుల సంగతి చెప్పండి.

పేర్ల జాబితా ఇవ్వను, ఒక్క మనిషి గురించి చెబుతాను. 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. (యేసు, మరియ, జోసెఫు సభ) సిస్టర్లు గుంటూరు వచ్చారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లౌరీ అనే డాక్టరు వచ్చి వాళ్ళ సభలో చేరింది. అప్పటికి మఠకన్యలు వైద్యం చేయటానికి శ్రీసభ నియమాలు ఒప్పుకునేవి కావు. పోపు 15వ బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మగ డాక్టరు ముందుకు రావటానికి ఇష్టపడని ఆడవాళ్ళు కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకునే రోజులవి. ఆమె గుంటూరులో పెంచిన చిన్న దవాఖానా సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి అయింది. స్థానిక ఆడపిల్లలకి మంత్రసాని పని, నర్సు పని, మందులు కలపటం నేర్పింది. 1943లో దేశంలోని కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. 1957లో చనిపోయింది. పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియ మొదలైంది.

మా నాయనమ్మ ఆ ఆసుపత్రిలోనే పుట్టింది. మా ఇంట్లో డాక్టరమ్మ అంటే ఆవిడే.

గుడిలో కులం ఉందా?

ఉంది. దాచిపెట్టి వారసత్వం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

ఇందాక చెప్పిన ఎడ్లబండ్ల కథ రెడ్డి కుటుంబాలది. కానీ ఈ రోజు తెలుగు కథోలికుల్లో అత్యధికులు దళితులు, మాల, మాదిగ పల్లెల వాళ్ళు. వాళ్ళ పూర్వీకులు 19వ, 20వ శతాబ్దాల్లో, కరువుల్లో, వెట్టిలో నలిగి, మనిషిగా చూసే చోటు వెతుక్కుంటూ వచ్చారు. వచ్చినచోటా చాలా ఊళ్ళలో వేరే వరుసలు, వేరే ద్వారాలు, వేరే సమాధుల తోటలు ఎదురయ్యాయి. ఒకే కప్పు కింద ఒకే సత్ప్రసాదం తీసుకుని, బయటికొచ్చాక వేరే గ్లాసులో నీళ్ళు తాగిన తరాలు ఉన్నాయి. మా తాతగారి ఊళ్ళో ఇలాంటివి జరిగాయి, ఆయన చూశారు, అప్పట్లో నోరెత్తలేదు. ఆఖరి రోజుల్లో ఆయన పాపసంకీర్తనంలో ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు గానీ, మాతో మాత్రం ఆ మౌనం గురించే ఎక్కువసార్లు చెప్పారు.

ప్రభుత్వం వైపు నుంచి అన్యాయం వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వర్తింపజేశారు. దళిత క్రైస్తవులకి ఇంకా లేదు. మన రాష్ట్రంలో వాళ్ళని బి.సి.-సి విభాగంలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. పేటలో వివక్ష పోలేదు, కాగితం మీద హక్కు మాత్రం పోయింది.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు, శ్రీసభలో పోపు తర్వాత పెద్ద హోదా అది. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ రాత్రి మా పక్క పేటలో బాణాసంచా కాల్చారు. వరుసలు తేడాగా ఉన్న గుడిలో పెరిగిన ముసలాయన టీవీ ముందు నుంచి లేవలేదు. గుళ్ళలో ఇప్పుడు అందరూ కలిసే కూర్చుంటున్నారు. పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం పాత గోడ ఇంకా నిలబడే ఉంది. దాన్ని కూల్చే పని గురువులది మాత్రమే కాదు, ఇళ్ళలో పెద్దలది కూడా.

తెలంగాణలో గుంటూరు కథోలికుల ఊళ్ళు ఎలా ఏర్పడ్డాయి?

20వ శతాబ్దంలో భూమి చవగ్గా దొరుకుతుందని చాలా కుటుంబాలు కృష్ణ దాటి వరంగల్, నల్గొండ, నిజామాబాద్ వైపు వెళ్ళాయి. మొదటి పంట చేతికి రాగానే గుడికి స్థలం వదలటం వాళ్ళ అలవాటు. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. కాజీపేట ఫాతిమానగర్‌లోని ఫాతిమామాత గుడి దానికి ప్రధాన దేవాలయం. అక్కడి పిల్లలు తెలంగాణ యాసలో మాట్లాడతారు, పండక్కి మాత్రం గుంటూరు గోంగూర కావాలంటారు.

మా పూర్వీకుల వివరాలు గుడిలో దొరుకుతాయా?

చాలావరకు దొరుకుతాయి. ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానం, వివాహం, మరణం రిజిస్టర్లు ఉంటాయి. జ్ఞానస్నానపు పద్దులో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ, గురువు సంతకం రాస్తారు. తర్వాత ఆ మనిషికి పెళ్ళయితే, వేరే ఊళ్ళో అయినా సరే, ఆ కబురు ఈ రిజిస్టరుకే వచ్చి అంచున చేరాలి. అంటే ఒక మనిషి జీవితమంతా పుట్టిన ఊరి గుళ్ళో ఒక్క వరుసలో ఉంటుంది.

వెళ్ళేముందు విచారణ గురువులకి ఫోను చేయండి. పుట్టిన ఏడు సుమారుగా, ఇంటిపేరు, తండ్రి పేరు, తెలిస్తే జ్ఞానస్నానపు పేరు రాసుకెళ్ళండి. పాత పద్దుల్లో పేర్లు లాటిన్ రూపంలో ఉంటాయి. రాయప్ప కోసం వెతికితే దొరకడు, పేత్రుస్ కోసం వెతకండి. ఇంటిపేర్లు విదేశీ గురువుల చెవికి వినబడినట్టు రాసి ఉంటాయి కాబట్టి గట్టిగా పైకి చదువుకుంటే తడుతుంది. కొన్ని చోట్ల చెదలూ చెమ్మా పట్టి పుటలు పోయాయి. ఒక విచారణలో నేను వెతికిన పదేళ్ళ పద్దు వర్షానికి తడిసి ముద్దయి ఉంది. మీ ఊరి రిజిస్టర్లని ఇనుప బీరువాలోకి మార్పించటానికి, ఫోటోలు తీయించటానికి డబ్బిస్తామని అడగండి. కొత్త గోపురానికి చందా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, దీనికి ఎవరూ లేరు.

పెళ్ళికి ఏం కావాలి?

ఇద్దరి జ్ఞానస్నాన పత్రాలు, పెళ్ళి ముందు శిక్షణ, రెండు విచారణల్లోనూ పూజలో ప్రకటనలు. ఎవరికైనా అడ్డు తెలిస్తే చెప్పాలనే ఆ ప్రకటనల ఉద్దేశం. ఒకరు వేరే మతం వాళ్ళయితే మేత్రానుల అనుమతి తీసుకుని గుడిలోనే చేసుకోవచ్చు. మూడు నెలల ముందే గురువుని కలిస్తే హడావుడి ఉండదు. తాళి, మట్టెలు, తలంబ్రాలు మామూలే. తాళికి సిలువ గుర్తు ఉంటుంది.

కథోలికులు కానివాళ్ళు పూజకి రావొచ్చా?

తప్పకుండా రండి. చెప్పులు బయట వదిలి వెనక వరుసలో కూర్చోవచ్చు. సత్ప్రసాదం మాత్రం జ్ఞానస్నానం, మొదటి సత్ప్రసాద సిద్ధత ఉన్న కథోలికులే తీసుకుంటారు. ఆ సమయంలో కూర్చునే ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మేము విదేశంలో ఉన్నాం. ఊరి విచారణతో సంబంధం ఎలా నిలుపుకోవాలి?

డబ్బు పంపటం సులువు, చాలామంది పంపుతున్నారు కూడా. అది చాలదు. మీ ఊరి ఉపదేశి పేరు మీకు తెలుసా? తెలియకపోతే ముందు అది కనుక్కోండి. నెలకోసారి ఫోను చేసి ఎవరికి బాగాలేదో అడగండి. ఇంట్లో రోజూ వీలు కాకపోయినా శనివారం రాత్రి తెలుగులో ఒక్క పది పూసల జపమాల పిల్లల చేత చెప్పించండి. తప్పులు చెప్పనివ్వండి. తేరు తేదీ తెలుసుకుని టికెట్టు ముందే కొనండి. ఊరొచ్చినప్పుడు గుడికన్నా ముందు సమాధుల తోటకి తీసుకెళ్ళి, పిల్లల చేత పేర్లు పైకి చదివించండి. రాయప్ప, ఇన్నయ్య, శౌరమ్మ. అక్షరాలు మాసిపోయిన రాళ్ళ దగ్గర ఆగండి, పక్కన ఉన్న ముసలివాళ్ళని అడగండి. వాళ్ళు చెబుతారు.